"వాళ్ళంతా అంతే" అనే మాట గురించి



అశోక్‌నగర్‌లో ఆదివారం మేము కూర్చునే గది చిన్నది. కింద జిరాక్స్ షాపు, పక్కన మెస్సు. త్రిశరణ పంచశీల అయినాక ఎవరో ఒకరు ప్రశ్న వేస్తారు, దాని మీద అందరం మాట్లాడుకుంటాం. ఆ రోజు మాట్లాడింది ఒక అమ్మాయి. జిల్లా నుంచి వచ్చి గ్రూప్స్‌కు చదువుకుంటున్నది. పగలంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఉంటది. హాస్టల్ తిండి పడక, ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి గది తీసుకుందామని చిక్కడపల్లి, నారాయణగూడ గల్లీలన్నీ తిరిగింది.

"ఒక ఇంటామె గది చూపించిందక్కా. అడ్వాన్సు ఎంతో కూడా చెప్పింది. ఆఖరికి మా ఇంటిపేరు అడిగింది, ఊళ్ళో మా ఇల్లు ఎటు దిక్కు ఉంటదని అడిగింది. చెప్పిన. 'మీవోళ్ళకు ఇయ్యమమ్మా, శుభ్రంగ ఉండరు' అన్నది."

అంతవరకు మెల్లగా చెప్పింది. తర్వాత ఆ ఇంటామె కులం పేరు పెట్టి, "ఆ కులపోళ్ళంతా అంతే. వాళ్ళల్ల ఒక్కరు కూడా మంచోళ్ళుండరు" అన్నది.

వెనక కూర్చున్న తమ్ముడు ఒకతను ఊరుకోలేదు. "ఆమె మనందర్ని ఒకే గాటన కట్టింది. ఇప్పుడు నువ్వు వాళ్ళందర్ని కట్టినవు. తేడా ఏముంది?" అన్నాడు. ఆ అమ్మాయి కళ్ళల్లో నీళ్ళొచ్చినయి. గదిలో సగం మంది ఆమె వైపు, సగం మంది అతని వైపు మాట్లాడారు. నేను సరైన జవాబు చెప్పలేక "చాయ్ తాగుదాం పదండి" అని ముగించిన. ఆ జవాబు నా మీద బాకీ ఉండిపోయింది. మీకూ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్న.

రెండు మాటలూ ఒకటేనా?

కావు. ముందు ఇది తేల్చుకుందాం. ఇంటామె చేతిలో తాళంచెవి ఉంది. ఆమె అన్న మాటతో ముగ్గురు ఆడపిల్లలకు గది పోయింది. ఈ అమ్మాయి అన్న మాటతో ఎవరికీ ఏమీ పోలేదు. ఒకటి తలుపు వేసే మాట, ఇంకొకటి మూసిన తలుపు బయట నిలబడి అన్న మాట. రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టి "ఇద్దరూ సమానమే" అనడం న్యాయం కాదు. ఆ తమ్ముడు పొరబడింది అక్కడ.

కానీ ప్రశ్న అక్కడితో అయిపోలేదు. నా మాట వల్ల ఎవరికీ నష్టం జరగలేదంటే, నా మాట నిజమైనట్టేనా? మన నాలుగో శీలం అబద్ధం ఆడనని. "ఎవరికీ నష్టం లేకపోతే ఆడొచ్చు" అని అందులో లేదు. "ఒక్కరు కూడా" అన్నప్పుడు మనం చూడని లక్షల మంది గురించి, చూసినట్టు సాక్ష్యం చెబుతున్నాం. ఇది కోపం ప్రశ్న కాదు. ఆ కోపం న్యాయమైనదే. ఇది సమ్మా వాచా ప్రశ్న, సరైన మాట ప్రశ్న.

సమూహాల గురించి మాట్లాడకుండా ఉండగలమా?

ఈ మధ్య మంచిగా కనబడే ఒక మాట వినిపిస్తున్నది. "అసలు కులాల గురించి మాట్లాడటమే తప్పు, మనిషిని మనిషిగా చూడాలి" అంటారు. ఈ మాట అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల దగ్గర చాయ్ బండి కాడ రోజూ వినొచ్చు. వినడానికి ధమ్మంలాగే ఉంటది. జాగ్రత్తగా చూడండి.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. "అక్కడ కొందరు వ్యక్తులు కొందరు వ్యక్తులను చంపారు" అని రాస్తే అందులో అబద్ధం లేదు. కానీ నిజమూ లేదు. ఎవరి చేతిలో భూమి ఉంది, ఎవరు కూలికి పోతారు, ఎవరు ఎదురు మాట్లాడితే ఊరు ఓర్వలేదు అన్నది చెప్పకపోతే ఆ చావులకు కారణమే ఉండదు. 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా, బాధితులు ఈ సమూహాల వాళ్ళు, నిందితులు ఈ సమూహాలకు బయటివాళ్ళు అన్న ప్రాతిపదిక మీదనే నిలబడింది. సమూహం మాట ఎత్తొద్దంటే ఆ చట్టమే ఉండదు, రిజర్వేషనూ ఉండదు.

కాబట్టి సమూహం గురించి చెప్పే ప్రతి మాటా దురభిమానం కాదు. లెక్క తీసి, కారణం చూపించి చెప్పే మాట మన ఉద్యమానికి ఊపిరి.

పుట్టుకను దోషం చేసే మాట

మరి ఏ మాట తప్పు? దానికి మన తెలుగు నేల మీదనే పెద్ద ఉదాహరణ ఉంది. బ్రిటిషు ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. కొన్ని జాతులకు జాతులనే నేరస్థులుగా రాసుకున్నారు. మన ఎరుకలవారు అందులో పడ్డారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అట్లా వెలసిన సెటిల్మెంటే. సాల్వేషన్ ఆర్మీ చేతికి దాన్ని అప్పగించారు. హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. దొంగతనం చేసినందుకు కాదు, ఆ ఇంట్లో పుట్టినందుకు. 1952లో ఆ చట్టం రద్దయింది. కానీ "స్టువర్టుపురం" అంటే ఇప్పటికీ చాలామందికి గుర్తొచ్చేది దొంగలే. సినిమాలు కూడా ఆ పేరును అట్లనే వాడుకున్నయి. ఆ ఊరి పిల్లవాడు ఇంటర్వ్యూలో ఊరిపేరు చెప్పడానికి ఎందుకు వెనకాడతాడో మనకు వేరే చెప్పాలా? చిక్కడపల్లిలో ఇంటిపేరు చెప్పడానికి వెనకాడిన వాళ్ళం మనం.

వాసెట్ఠ సుత్తంలో బుద్ధుడు సరిగ్గా ఇదే తేల్చాడు. గడ్డికి, చెట్లకు, పురుగులకు, పక్షులకు పుట్టుకతో జాతి గుర్తులుంటాయి. మనుషుల్లో అట్లాంటి గుర్తు లేదు. మనిషికి పేరు అతను చేసే పనిని బట్టి వస్తుంది. దొంగతనం చేసి బతికేవాడు దొంగ. అంతేగానీ దొంగ అని పేరుపడ్డ ఇంట్లో పుట్టినవాడు దొంగ కాదు. ఇదే సూత్రం ఇంటామెకూ వర్తిస్తుంది. ఇంటిపేరు అడిగి గది లేదన్నది ఆమె చేసిన పని. ఆ పనికి ఆమెను నిలదీయొచ్చు, నిలదీయాలి. ఆమె పుట్టుకను కాదు.

అంబట్ఠుడి కోపం

దీఘనికాయంలో అంబట్ఠుడనే యువకుడి కథ ఉంది. పండితుడు, పోక్ఖరసాతి అనే గొప్ప బ్రాహ్మణుడి శిష్యుడు. బుద్ధుడి దగ్గరికి వచ్చి కూర్చోకుండా అటూ ఇటూ తిరుగుతూ మర్యాద లేకుండా మాట్లాడతాడు. శాక్యులంతా మొరటువాళ్ళు, నీచులు అని తిడతాడు. శాక్యులు నీకేం అపకారం చేశారని బుద్ధుడు అడుగుతాడు. అప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. ఒకసారి గురువు పని మీద కపిలవస్తు వెళ్తే, సభామందిరంలో శాక్యులు ఒకరినొకరు పొడుచుకుంటూ నవ్వుకున్నారట, కూర్చోమని ఒక్కరూ అనలేదట. ఒక్క పూట, ఒక్క గదిలో జరిగిన అవమానం. దాని మీద ఒక జాతి మొత్తానికి తీర్పు!

బుద్ధుడు అతని కులగర్వాన్ని వదిలిపెట్టలేదు. నీ వంశానికి మూలపురుషుడు శాక్యుల దాసీ కొడుకే కదా అని చూపించాడు. అక్కడ ఉన్న మిగతా కుర్రాళ్ళు వెంటనే అంబట్ఠుడి మీద పడ్డారు. దాసీ కొడుకు వంశం, తక్కువ పుట్టుక అని గోల చేశారు. అప్పుడు బుద్ధుడు చేసింది చూడండి. వాళ్ళను ఆపాడు. ఆ దాసీ కొడుకు గొప్ప ఋషి అయ్యాడు, అతన్ని తక్కువ చేయకండి అన్నాడు. తనను తిట్టడానికి వచ్చినవాడిని కూడా పుట్టుక పేరుతో కొట్టనివ్వలేదు. పుట్టుక గర్వాన్ని విరగ్గొట్టాడు, పుట్టుక అవమానాన్నీ ఆపాడు. ఈ రెండో భాగం మనం తరచుగా మర్చిపోతాం.

మహాడ్‌లో బాబాసాహెబ్

"ఇది బుద్ధుడి కాలం ముచ్చట, ఉద్యమంలో ఇట్లా కుదరదు" అనేవాళ్ళ కోసం 1927 గుర్తుచేస్తాను. మార్చి 20న బాబాసాహెబ్ వేల మందితో చవదార్ చెరువు నీళ్ళు తాగారు. తర్వాత సత్యాగ్రహానికి సిద్ధమవుతున్నప్పుడు బ్రాహ్మణేతర ఉద్యమ నాయకులు జెధే, జవల్కర్ ఒక షరతు పెట్టారు. మేం మద్దతిస్తాం, బ్రాహ్మణులను మాత్రం కలుపుకోవద్దు అన్నారు. మద్దతు అవసరమైన సమయం. అయినా బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. తన పోరాటం బ్రాహ్మణ్యం అనే భావంతో గానీ, బ్రాహ్మణుల ఇంట పుట్టినవాళ్ళతో కాదని, ఆ భావం బ్రాహ్మణేతరుల్లో ఉన్నా తనకు వ్యతిరేకమేనని చెప్పారు. ఆ డిసెంబరు 25న మనుస్మృతిని తగలబెట్టాలన్న తీర్మానాన్ని ప్రవేశపెట్టింది సహస్రబుద్ధే, పుట్టుకతో బ్రాహ్మణుడు. 1938లో మన్మాడ్‌లో రైల్వే కార్మికుల సభలో కూడా ఆయన ఇదే విడమరిచి చెప్పారు. బ్రాహ్మణ్యం అంటే స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం లేకపోవడం. అది అన్ని వర్గాల్లోనూ ఉందన్నారు.

అట్లని ఆయన మెత్తబడ్డారా? లేదు. కులవ్యవస్థ గురించి ఆయన అంత కఠినంగా రాసినవాళ్ళు తక్కువ. వ్యవస్థ మీద ఎంత కఠినంగా ఉన్నారో, మనిషి విషయంలో తలుపు అంత తెరిచి ఉంచారు.

ఇప్పుడు మన ఇంట్లో

ఇంతవరకు చదివి తల ఊపడం తేలికే. కష్టమైన చోటికి వద్దాం.

2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీ వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని తీర్పు ఇచ్చింది. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి 59 కులాలను మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతంగా అమలు చేస్తున్నారు. మీలో దాన్ని సమర్థించేవాళ్ళున్నారు, వ్యతిరేకించేవాళ్ళున్నారు. నేను అడిగేది అది కాదు. ఆ వాదనలో మన నోటి నుంచి ఏ మాటలు వస్తున్నయి? "ఏ ఉపకులానికి ఎన్ని ఉద్యోగాలు వచ్చినయో లెక్క తీయండి" అన్నది ఒక మాట. "మాలలు దోచుకునేటోళ్ళు" అన్నది, "మాదిగలకు చదువు అబ్బదు" అన్నది ఇంకో రకం మాటలు. మొదటిది తప్పయితే లెక్కతో దిద్దొచ్చు. మిగతా రెండూ ఆ ఇంటామె మాటకు చెల్లెళ్ళు. "శుభ్రంగ ఉండరు" అన్న చోట ఇంకో పదం పెట్టినం, అంతే. ఒకే విహారంలో పంచశీల చెప్పుకుని, గుమ్మం దాటగానే ఇవి మాట్లాడితే, 22 ప్రతిజ్ఞల్లో సమానత్వం కోసం పాటుపడతామన్నది ఎవరికి చెప్పినట్టు?

నా సంగతీ చెబుతాను. కొన్నేళ్ళ కింద మా ఆదివారం సభకు ఒక అబ్బాయి వచ్చాడు. పేరు చెప్పగానే ఇంటిపేరును బట్టి కులం అర్థమైంది. మనం ఏం మాట్లాడుకుంటున్నమో వినడానికి వచ్చిండని నాకు నేనే అనుకున్న. పుస్తకం అడిగితే "అయిపోయినయి" అన్న. ఉన్నయి. రెండు వారాలు వచ్చి మానేశాడు. ఎందుకొచ్చాడో నాకు ఈనాటికీ తెలియదు. అడగలేదు గదా. ఆ రోజు తాళంచెవి నా చేతిలో ఉండె.

మూడు ప్రశ్నలు

ఒక సమూహం గురించి మాట్లాడబోయే ముందు ఇవి వేసుకుందాం.

ఒకటి: ఇది లెక్కకు, సాక్ష్యానికి నిలబడుతుందా? వేరే సాక్ష్యం వస్తే నేను మార్చుకుంటానా? చంకీ సుత్తంలో బుద్ధుడు సత్యాన్ని కాపాడుకోవడం గురించి చెప్పాడు. నేను విన్నది "విన్నాను" అని, నమ్మింది "నమ్ముతున్నాను" అని చెప్పాలి. "ఇదొక్కటే నిజం" అని దూకకూడదు.

రెండు: ఇది కారణం చెబుతున్నదా, పుట్టుక చెబుతున్నదా? పటిచ్చసముప్పాదం నేర్పేది కారణం ఉంటేనే ఫలితం అని. కారణం తెలిస్తే మార్చొచ్చు. "వాళ్ళ రక్తమే అంత" అంటే ఇక మార్చేదేమీ లేదు. అప్పుడు ఉద్యమం ఎందుకు?

మూడు: ఎదుటి మనిషి నోరు తెరవకముందే నా తీర్పు అయిపోయిందా?

ఒక మాట మాత్రం కలుపుతాను. జాగ్రత్త వేరు, తీర్పు వేరు. దెబ్బతిన్న అమ్మాయి ఇంకో ఇంటి మెట్లెక్కేటప్పుడు గుండె దడదడలాడితే, ముందుగానే "ఎవరికైనా ఇస్తరా?" అని అడిగితే, అది దురభిమానం కాదు. ఒళ్ళు నేర్చుకున్న పాఠం. దాన్ని ఎవరూ తప్పుపట్టొద్దు. తలుపు తీసిన మనిషికి మాట్లాడే అవకాశం ఇస్తే చాలు.

రెండు వారాల తర్వాత ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. గది దొరికింది. చేతిలో నోటుబుక్కు ఉంది. "మేం మొత్తం పదకొండు ఇండ్లు అడిగినం అక్కా. ఏడు ఇండ్లల్ల ఇంటిపేరో, కులమో అడిగిన్రు. ఐదు ఇండ్లల్ల అది విన్నంకనే గది లేదన్నరు" అని తారీఖులతో సహా చదివింది. వెనక కూర్చునే ఆ తమ్ముడు ఏమీ అనలేదు. అనడానికి ఏముంది?

"వాళ్ళంతా అంతే" అన్న మాటను ఎవరైనా ఒక్క మంచి మనిషిని చూపించి కొట్టిపారేయొచ్చు. "పదకొండులో ఐదు" అన్న మాటను కొట్టిపారేయడం ఎవరి తరమూ కాదు. మన కోపాన్ని తగ్గించుకోమని ఈ నాలుగు మాటలు రాయలేదు. దాన్ని నిజం మీద నిలబెట్టుకుందామని రాసిన.

నమో బుద్ధాయ. జై భీమ్.