శరత్కాల యాత్ర – వానప్రస్థ ధర్మము

మానవ జీవితమును నాలుగు ఆశ్రమములుగా విభజించిన మన ఋషులు మూడవదానికి ఏర్పరచిన లక్షణము మిక్కిలి సరళమైనది. శరీరమున ముడుతలు, తలపై నెరపు, ఇంట మనుమడు కనిపించినపుడు గృహస్థుడు వనమునకు బయలుదేరవలెనని మనువు విధించెను. భార్యను కుమారుల కడ ఉంచుటయో, తోడుగా గొనిపోవుటయో, రెండును సమ్మతములే. ఇంత ధనము కూడిన పిమ్మటనే కదలవలెనని అందు లేదు. తన పని ముగియుచున్నదని శరీరము తెలుపును. తాను లేకున్నను పని సాగునని మనుమడు తెలుపును. ఈ రెండింటిని గ్రహించినవాడు ఎవరును లేపకమునుపే తన ఆసనమునుండి లేవవలెను.

సూరతు నగరమున బమ్రోలి వంటి పేటలందు నివసించు మన తెలుగువారికి ఈ ధర్మము నేడు ఒక ప్రశ్నగా ఎదురగుచున్నది. నేతపని వెదకికొనుచు తెలంగాణమునుండి సూరతు చేరిన పద్మశాలి కుటుంబములు అనేకములు. తాతలనాటి చేమగ్గమును విడిచి వారు మరమగ్గముల హోరులో ఆయువు గడపిరి. అట్టి పనికి ప్రభుత్వోద్యోగమునకువలె నిర్ణీతమైన విరమణ దినము లేదు. తెగిన పోగు కంటికి ఆననినాడు, రేయి పనికి కాళ్లు నిలువనినాడు, అదియే విరమణ దినము. ఆ పిదప ఏమి? పోవుటకు వనములు లేవు. ఉన్నను ఆ శరీరములు వనవాసమునకు తాళవు. అంతమాత్రమున ధర్మము తొలగిపోయెనా? లేదు. దానిని కొలది దినములైనను అభ్యసించుటకు తీర్థయాత్ర యను మార్గము మిగిలియున్నది.

అమెరికాది దేశములందు ఉద్యోగము విరమించిన దంపతులు పడక, పొయ్యి, నీటితొట్టి అమర్చిన చక్రముల యిండ్లలో శరత్కాలమున పర్వత ప్రాంతములకు పోయి, రంగు మారిన ఆకులను చూచి వత్తురు. అది నిందింపదగినది కాదు. ఇంత చిన్న గదిలో ఇద్దరికి సరిపోవునని తెలిసికొనుటయే ఒక పాఠము. మనవారు వంటపాత్రలను, పప్పుబియ్యములను బస్సుపై కట్టుకొని పోవుదురు. భేదము బండిలో లేదు, చూచు దృష్టిలో ఉన్నది. రాలుటకు సిద్ధమైన ఆకును మన భాష పండుటాకు అన్నది. వృద్ధులను కూడ ఆ పేరనే పిలుచుచున్నాము. పండుట యనగా క్షీణించుట మాత్రమే కాదు, పక్వమగుట కూడ. ఆ మాటలోని గౌరవమునకు మనము తగియున్నామా యన్నదే విచారింపవలసిన విషయము.

ఇట్టి దంపతులు తాపీ తీరమునుండి బయలుదేరి హిమాలయమునకు పోవుచున్నారని భావింతము. వానలు వెనుదీసినవి, ఆకాశము తేటపడినది. దేవప్రయాగ కడ అలకనందా భాగీరథుల సంగమమును దర్శించి, రుద్రప్రయాగ, జోషీమఠముల మీదుగా సుమారు 3,100 మీటర్ల ఎత్తుననున్న బదరికి వారు చేరుదురు. అచ్చట శరత్తు అనగా తలుపులు మూయు కాలము. గంగోత్రి దీపావళి మరునాడు, కేదారము, యమునోత్రి కార్తిక శుద్ధ విదియనాడు మూయబడును. బదరీ కపాటములు మూయు దినమును విజయదశమినాడు ప్రకటింతురు. కేదారేశ్వరుని ఉత్సవమూర్తి పల్లకిలో ఊఖీమఠమునకు దిగివచ్చును. బదరినుండి ఉద్ధవుడు, కుబేరుడు పాండుకేశ్వరమునకు తరలుదురు. శంకరాచార్యుల గద్దె జోషీమఠమందలి నృసింహాలయమునకు చేరును. ఇంతటి ఉన్నత పీఠము కలవారును కాలము వచ్చినపుడు దిగివత్తురు. దిగినందున వారి మహిమ తరుగలేదు. ఇంటి తాళపుచెవుల గుత్తిని మొలనుండి విప్పలేని గృహస్థుడు ఈ పల్లకిని చూచి ఏమి నేర్చుకొనవలెనో వేరుగా చెప్పనక్కరలేదు.

నేతవారు ప్రత్యేకముగా తెలిసికొనదగిన ఆచారమొకటి అచ్చట కలదు. బదరికి ఎగువనున్న మాణా గ్రామపు స్త్రీలు ఉన్నితో ఒక కంబళిని నేయుదురు. కపాటములు మూయునాడు దానిని నేతితో తడిపి బదరీనారాయణునకు కప్పుదురు. మంచుకాలమంతయు స్వామి దానిని ధరించియుండును; వసంతానంతరము తలుపులు తెరచినపుడు అది భక్తులకు ప్రసాదమగును. నేసినవారు దానిని కప్పి, తామును మంచునకు ముందే దిగువ గ్రామములకు తరలిపోవుదురు. ఎవరికో చీరలై పోవు బట్టను జీవితమంతయు నేసిన దంపతులకు ఇంతకన్న వేరు ఉపదేశమేల? మన చేతి పని ఎవరిని చేరినను వారియందున్న నారాయణుడే దానిని ధరించెను. ఇట్లు తలచినచో గడచిన బ్రతుకంతయు పూజయగును. దానికి ప్రతిఫలముగా ముసలితనమున అధికారమును కోరవలసిన పని యుండదు.

ఐనను ఇల్లు విడుచుటలో రెండు విధములు కలవు. మహాభారతమున ఆశ్రమవాస పర్వము దీనిని స్పష్టముగా చూపుచున్నది. కుమారులు నశించిన పిదప ధృతరాష్ట్రుడు పదునైదు సంవత్సరములు ధర్మరాజు నొద్దనే యుండెను. ధర్మరాజు అతనిని గౌరవించెను గాని, భీముని పరుష వాక్యములు అతనిని బాధించుచునే యుండెను. తుదకు కార్తిక పూర్ణిమనాడు అతడు వనమునకు వెడలెను. కుంతి ముందు నడచెను. కన్నులకు వస్త్రము కట్టుకొన్న గాంధారి ఆమె భుజముపై చేయి వైచెను. గాంధారి భుజముపై అంధరాజు చేయి వైచెను. ధృతరాష్ట్రుని వెడలింపను భీముని మాటలుండెను. కుంతిని పొమ్మన్నవారెవరు? కుమారులు రాజ్యమేలుచు, ఉండుమని ప్రాధేయపడుచుండగా ఆమె కదలెను. గాయపడి పోవుట వేరు, పండి పోవుట వేరు. ముందు నడచి దారి చూపినది పండినవారే.

నేడు యాత్రకు పోవు వృద్ధులలో పలువురు ధృతరాష్ట్రునివలె పోవుదురు. కోడలు అన్నమాట, కుమారుడు అడుగక అమ్మిన మగ్గము, పంపకములలోని హెచ్చుతగ్గులు మూటగట్టుకొని కొండనెక్కుదురు. ఆ మూట ఏ ఘాటునను మునుగదు. కావున బయలుదేరుటకు ముందే లెక్కలు తేల్చి, తాళపుచెవులు అప్పగించి, క్షమింపవలసినవారిని క్షమించి కదలవలెను. అప్పు చేసి యాత్ర చేయరాదు. ఆ యెత్తున గాలి పలుచన. వైద్యుని సలహా గొని, నడుమ నడుమ ఆగుచు మెల్లగా ఎక్కుట దేహమునకు మేలు. పర్వతమును శాశ్వతమని తలపరాదు. 2013 జూన్‌లో కేదారమును వరద ముంచెను; 2023 ఆరంభమున జోషీమఠమున అనేక గృహములు పగుళ్లువారెను. మన వాహనముల భారమును, మన చెత్తను ఆ కొండపై మోపకుండుట కూడ తీర్థసేవయే.

భార్యాభర్తలకు ఈ యాత్ర మరియొక అవకాశము. మగ్గము ముందు ఒకరు, పొయ్యి ముందు ఒకరు నిలిచి, మాటాడుకొనుటకు తీరికలేక నలువది సంవత్సరములు గడచియుండును. సర్వము విడిచిపోవ నుద్యుక్తుడైన యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి ఆస్తిలో భాగమీయబూనగా, ఆమె అమృతత్వమును గూర్చి ప్రశ్నించెను. భార్య అట్టి ప్రశ్న వేయుటకును, భర్త చెవియొగ్గుటకును తీరిక దొరకుటయే వార్ధక్యపు భాగ్యము.

యాత్రాఫలమునకు పరీక్ష బదరిలో జరుగదు. బమ్రోలికి తిరిగివచ్చిన పిదప జరుగును. కుమారుడు తన పద్ధతిని మగ్గములు నడపుచున్నాడు. అడిగినచో చెప్పి, అడుగనిచో ఊరకుండగలిగిన తండ్రికి బదరీ దర్శనము ఫలించినట్లే. వంటయిల్లు కోడలి చేతులలో నుండుటను చూచి సంతసించు తల్లికిని అంతియే. పడుగు పేక ఎంత చక్కగా కుదిరినను, మగ్గమునుండి కోసి దించినగాని బట్ట ఎవరికిని కట్టుకొనుటకు రాదు. కోతకు బెదరక తమ బ్రతుకును భగవంతునికి కప్పగల శక్తిని ఆ బదరీనారాయణుడే వృద్ధ దంపతులందరికిని అనుగ్రహించుగాక!