కరపీఠమును, కొల్లేటి నీరును

దయ లేని ఆచారమును బసవేశ్వరులు ధర్మముగా అంగీకరింపలేదు. ఆ దయ మనుష్యులతో నిలిచిపోక సకల ప్రాణులయందును ప్రసరింపవలెనని వారు పండ్రెండవ శతాబ్దముననే బోధించిరి. పంచుకొని తినుటను తెలుప దలచినపుడు వారు కాకిని, కోడిని చూపిరి. దొరికిన గింజకు తనవారిని పిలుచు పక్షికంటె భక్తుడు తక్కువ కారాదని వారి హృదయము. పక్షులు సంచరించునవి కావున అవియు జంగమములే యని చమత్కరించుట సులభమే గాని అది సిద్ధాంతము కాదు. ప్రాణియగుట చాలును, దయకు వేరొక అర్హత అక్కరలేదు.

మాఘ ఫాల్గుణములందు నూజివీడు ప్రాంతమున మామిడి పూచును. బంగినపల్లి, చిన్నరసము, పెద్దరసము తోటలన్నియు పూత వాసనతో నిండియుండును. ఈ దినములలోనే పలు కుటుంబములు పిల్లలను వెంటబెట్టుకొని కైకలూరు చెంతనున్న ఆటపాకకు పోయి కొల్లేటి పక్షులను చూచి వచ్చుచుండును. అది చూడదగిన దృశ్యమే. గూడబాతులును, ఎర్రకాళ్ళ కొంగలును అచట గూళ్ళు కట్టును. చెట్లు చాలనందున అటవీశాఖవారు నీటిలో ఇనుప మంచెలు నిలిపిరి. తల్లి గూడబాతు నోరు తెరచినంతనే పిల్ల తన తలను ఆ సంచిలోనికి దూర్చి చేపను అందుకొనును. హిమాలయములకు ఆవలినుండి వచ్చిన బాతులు ఎండ ముదురకమునుపే తిరుగు ప్రయాణమునకు సిద్ధమగుచుండును.

ఈ కొలువు ఎన్నడును చెదరక నిలిచినది కాదు. 1946లో కె.కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆరేడులో గూడబాతుల పెద్ద స్థావరమును కనుగొనెను. కొన్ని దశాబ్దములకే ఆ స్థావరము శూన్యమైనది. 1999లో కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యముగల రామ్‌సర్ చిత్తడినేలల పట్టికకు ఎక్కినది. 2006లో సరస్సులోని అక్రమ చేపల చెరువుల గట్లను తెగగొట్టిరి. అయినను చేపలు తినునన్న కోపముతో చెరువులకడ బాణసంచా కాల్చి పక్షులను తరుమువారు నేటికిని కలరు. హిందూపురము దిక్కున వీరాపురములోనో, ఊరి చింతచెట్లపై ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకొనును. అవి బెదరునని ఆ గ్రామస్థులు బాణసంచా కాల్చుటే మానిరి. ఒకే జాతి పక్షికి రెండు చోట్ల రెండు విధములైన ఆదరణ!

కొల్లేటిలో జరుగుదానితో మెరక రైతునకేమి సంబంధమని అడుగవచ్చును. నీటి దారిని చూచిన సంబంధము తెలియును. బుడమేరు, రామిలేరు, తమ్మిలేరు మెరకల నీటిని మోసికొనిపోయి కొల్లేటిలో కలుపును. అందుండి ఉప్పుటేరు సముద్రమునకు చేర్చును. పూతకాలమున తేనెమంచు పురుగు తోటలపై పడును. రైతు మందు కొట్టును. పిమ్మట డబ్బాలను, యంత్రమును వాగు మడుగులో కడుగును. ఆ వేళ వాగు ఎండియుండవచ్చును. ఇసుకలో మిగిలినది తొలకరి వానకు కదలి దిగువకు పోవును.

దీని ఫలితమెట్లుండునో అమెరికాలోని గోధుమవన్నె గూడబాతుల చరిత్ర చెప్పును. డి.డి.టి. నీటి పురుగులనుండి చిన్నచేపకు, చిన్నచేపనుండి పెద్దచేపకు, దానినుండి పక్షి దేహమునకు చేరుచు మెట్టుమెట్టునకు చిక్కనైనది. పక్షి చావలేదు, దాని గ్రుడ్డు పెంకు పలుచబడినది. పొదుగుటకు కూర్చున్న తల్లి బరువుచేతనే గ్రుడ్లు చితికిపోయినవి. పిల్లను బ్రతికింపవలసిన స్పర్శయే పిల్లను చంపినది. 1972లో ఆ దేశము డి.డి.టి.ని నిషేధించిన తరువాత ఆ జాతి క్రమముగా తేరుకొని 2009లో ఆపదనున్న జీవుల పట్టికనుండి బయటపడినది. ఈనాటి మందులన్నియు డి.డి.టి. వంటివి కావు, కొన్ని త్వరలోనే విరిగిపోవును. కాని తేనెటీగను, చేపపిల్లను చంపుటకు ఆ కొద్దికాలమే చాలును.

శరణులారా! ఇష్టలింగమునకు పీఠము అరచేయియే. వీరశైవుడు దేవుని వేరొక రాతిగుడిలో దాచియుంచలేదు. తన చేతిలో నిలుపుకొని పూజించును. ఉదయమున లింగమును నిలిపిన ఆ చేయియే మధ్యాహ్నమున విషపు డబ్బాను వాగులో కడిగినచో, ఆ రెంటినడుమ కడిగికొన్న నీటికి శుద్ధిచేయు శక్తి యుండునా? కాయకము కైలాసమనుటకు అర్థము కష్టపడినంతనే పనియెల్ల పవిత్రమగునని కాదు. పరప్రాణికి హాని చేయని పనియే కాయకము. అట్టి పనివలన వచ్చిన పండే దాసోహమునకు తగును.

రైతు బాధ అబద్ధము కాదు. ఒక్క వారమున పూత మాడిపోయిన ఏడాది అప్పు మిగులును. అతనిని మందు ముట్టవద్దనుట ఇంట కూర్చున్నవాని ఉపదేశమగును. ముందుగా పూగుత్తులను విదిలించి పురుగు ఉన్నదో లేదో చూడవచ్చును. పూత విచ్చకమునుపే, అవసరమైనంతవరకే కొట్టవచ్చును. నిండు పూతలో కొట్టినచో పిందె కట్టించు ఈగలు, తేనెటీగలు చచ్చి నష్టము తిరిగి రైతునకే చేరును. యంత్రము కడిగిన నీటిని వాగుకు, బావికి దూరముగా తోటలోనే పోయవచ్చును. వీనిలో ఏదియు ఖర్చు పెంచునది కాదు.

మరియొక సమాధానము తరచుగా వినవచ్చుచుండును: కాపును పూతలోనే వర్తకునకు అమ్మితిని, మందు కొట్టువాడు అతడు, పాపము అతనిదే యని. వెలను చేతితో అందుకొని, ఆ వెల పుట్టిన విధమును చూడననుట శరణుల మార్గము కాదు. తోట వానిది, వాగు ఊరిది. కాపు అమ్ముకొనునపుడు డబ్బు వాయిదాలను, కోత గడువును వ్రాసికొందురు గదా! నిండు పూతలో మందు కొట్టరాదనియు, డబ్బాలు వాగులో కడుగరాదనియు మరి రెండు పంక్తులు అందే వ్రాయించుకొనవచ్చును. ఒప్పుకొనని వర్తకుడు కొంత వెల తగ్గించవచ్చును. ఆ తగ్గిన సొమ్మును దాసోహపు పద్దున వ్రాసికొనుడు.

ఆటపాకలో పిల్లలు ఎగురుట నేర్చు దినములును, మెరకపై ఈ పత్రములు వ్రాసికొను దినములును ఇంచుమించు ఒక్కటే. శివరాత్రికి మఠమునకు వచ్చు తోటవారితో ఈ మాట అప్పుడే కదపుట మంచిది.