అసంకల్పిత ప్రతీకారం

మా మనవరాలు పదో తరగతి. దాని చేత సైన్సు పాఠం అప్పజెప్పించుకోవడం నా పని. మొన్న పుస్తకం తెరవగానే ‘అసంకల్పిత ప్రతీకార చర్యలు’ అని కనిపించింది. అబ్బ, ఎంత పెద్ద మాటో! ప్రతీకారమంటే నాకు సినిమాల్లో కత్తి పట్టుకుని తిరిగే విలనే గుర్తొస్తాడు. తీరా చదివితే మన వంటింటి సంగతే. కాలిన బాణలికి చెయ్యి తగులుతుంది. చురుక్కుమందని మనకు తెలిసేలోపే చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. జ్ఞాననాడి ఆ కబురు వెన్నుపాముకి చేరవేస్తుంది. వెన్నుపాము మెదడు సెలవు కోసం ఆగకుండా చాలకనాడి ద్వారా కండరానికి ఆజ్ఞ పంపేస్తుంది. యజమానిని నిద్ర లేపకుండా గేటు దగ్గర కాపలావాడే దొంగను తరిమేసినట్టన్నమాట. యజమానికి సంగతి తరవాత తెలుస్తుంది.

పాఠం బాగానే ఉంది. నా మనసే పాఠం వదిలేసి, పోయిన మా అత్తగారి దగ్గరికి వెళ్లింది.

కాపరానికొచ్చిన ముప్ఫై ఏళ్లలో ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కాస్త స్వాధీనంలోకి వచ్చాయిగానీ, నోరు మారిపోయింది. “నా గాజులు నువ్వే కాజేశావు” అని వచ్చిన ప్రతివాళ్ల ఎదుటా అనేవారు. గాజులేమో ఆవిడ చేతికే ఉండేవి!

డాక్టరుగారు నన్ను కూచోబెట్టి చెప్పారు. “నుదుటి వెనకుండే మెదడు భాగం దెబ్బతిందమ్మా. నోటికొచ్చిన మాటను ఆపే కళ్లెం అక్కడుంటుంది. ఆ మాటలు ఆవిడవి కావు, జబ్బువి.” నాకు నమ్మకం కలగడానికి ఓ కథ కూడా చెప్పారు. 1848లో అమెరికాలో రైలుదారి పనిచేయించే ఫినియాస్ గేజ్ అనే మేస్త్రీకి, మందుగుండు పేలి, మూడున్నర అడుగుల ఇనుపకడ్డీ ఎడమ చెంప కింద దూరి నడినెత్తిన బయటికొచ్చిందట. బతికాడు. కానీ నెమ్మదస్తుడు కాస్తా బూతులు తిట్టేవాడయ్యాడు. ‘ఇతను మన గేజ్ కాడు’ అన్నారట స్నేహితులు.

నా గుండెల మీద బరువు దిగిపోయింది. మా అత్తగారు తిట్టడం లేదు, గడ్డకట్టిన నెత్తురు తిడుతోంది అనుకుంటే ఎంత హాయి!

ఆ హాయి ఎన్నాళ్లో నిలవలేదు. ఒక సాయంత్రం తల దువ్వుతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, “నువ్వు లేకపోతే నా గతేంటమ్మాయ్” అన్నారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మరుక్షణమే పాడు అనుమానం! ఈ మాట ఎవరిది? అదే మెదడు, అదే నోరు. తిట్టు జబ్బుదీ, దీవెన మాత్రం మనిషిదీ అంటే, ఇది బేరం కాదూ? కిలోన్నరకి కాస్త తక్కువ తూగే ఆ మెత్తటి ముద్దలోంచే కదా రెండూ వచ్చాయి!

న్యాయం కాదని తెలిసే ఆ దీవెన నేనుంచుకున్నాను. తరవాతెప్పుడో చదివాను, గేజ్ చిలీ దేశం వెళ్లి కొన్నేళ్లపాటు గుర్రపుబళ్లు తోలాడట. నోటికి కళ్లెం లేనివాడు అన్ని గుర్రాల కళ్లేలు ఎలా పట్టాడమ్మా? పోయిందనుకున్నది కొంత తిరిగొచ్చి ఉంటుందని పెద్దపెద్దవాళ్లే ఇప్పుడంటున్నారు.

అసలు నన్ను పీడించేది ఆవిడ మాటలు కాదు, నా మాట. ఒక మధ్యాహ్నం మళ్లీ గాజుల గొడవ ఎత్తారు. “పోయేదాకా నన్నిలా పీక్కుతింటారా?” అనేశాను. ఆవిడ చూపు ఒక్కసారి నా మీద నిలిచింది. తరవాత మరిచిపోయారు. నేను మరవలేదు. ‘నోరు జారింది, అనుకుని అన్నానా ఏం?’ అని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను.

పాఠం ఆ సర్దుబాటు కాస్తా తీసేసింది. పక్కన పసిపిల్ల పాకుతుంటే, మరిగే పాలగిన్నె చేతులు కాలుస్తున్నా వదలం. గట్టు మీద పెట్టి అప్పుడు ‘అబ్బా’ అంటాం. మెదడు పైనించి ‘ఆగు’ అంటే వెన్నుపాము కూడా ఆగుతుందన్నమాట. మాటైతే వెన్నుపాములో పుట్టేదే కాదు, మెదడులోంచి రావాల్సిందే. పైగా ఆ పొద్దుటే మావారి ఆఫీసరుగారి భార్య ముందు అత్తగారు అదే గాజుల మాట అంటే, నేను నవ్వుతూ కాఫీ అందించాను. నా కళ్లెం చక్కగానే పనిచేసింది. మధ్యాహ్నం ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం, అంతే తేడా.

“అమ్మమ్మా, ఉదాహరణలు చెప్పు” అంది మనవరాలు.

కాలిన బాణలి రాయమన్నాను. ఇంకోటి కావాలంది. కంట్లో నలుసు పడబోతే రెప్ప మూసుకోవడం అన్నాను.

“ఎవరైనా తిడితే వెంటనే తిరిగి తిట్టేస్తాం చూడు, అది రాయొచ్చా?” అంది.

“వద్దమ్మా, మార్కులు పోతాయి” అన్నాను.