కరువులో లేచిన గోపురం

మా మేడిపల్లి వైపు తీర్థమంటే ధర్మపురి, కొండగట్టు, వేములవాడ. మెదక్ చర్చి మాత్రం చూసి రావాల్సిన చోటు. గోపురం కింద ఫొటో దిగి, అటు నుంచి అటే ఏడుపాయలకు వెళ్లిపోతారు. ఆ చర్చి దగ్గర ఇంకాసేపు ఆగాలని నా మనవి.

1914లో పని మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గోపురం. ఈ కొలతలు అక్కడ ఎవరినడిగినా చెబుతారు. నన్ను ఆపింది మాత్రం ఆ కరువు ముచ్చట. మొదటి ప్రపంచ యుద్ధం నాడు ఊళ్లకు ఊళ్లు పస్తులుంటే, చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే ఇంగ్లండు పాదిరి ఊరికే గంజి పోయలేదట. పని చూపించి తిండి పెట్టాడని మెదక్ వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటికి ఆయన మిషను సంఘంలో చేరినవాళ్లలో ఎక్కువమంది మాల మాదిగలు. ఏ దేవుడి గడపా తొక్కనివ్వని రోజుల్లో, తాము కూర్చోబోయే గుడికి తామే రాళ్లెత్తారు.

ఇందులో ఒక చిత్రముంది. పోస్నెట్ వెస్లియన్ మెథడిస్టు. ఆ మార్గానికి మూలపురుషుడైన జాన్ వెస్లీకి ఆడంబరం పడదు. 1739లో బ్రిస్టల్ పక్కన బొగ్గు గని కూలీలకు ఆరుబయట నిలబడి వాక్యం చెప్పాడు. అదే ఏడు ఆయన కట్టించిన న్యూ రూమ్ చాలా సాదా మందిరం. వేల్సులో తర్వాత లేచిన చాపెళ్లూ ఎక్కువగా అలాంటివే. వాటికి బేతేలు, సీయోను, ఎబెనెజరు అని పేర్లు పెట్టుకున్నారు, మన పల్లెల్లోని ప్రార్థన మందిరాలకు మల్లేనే! అలాంటివాళ్లు మెదక్‌లో ఇంత ఎత్తు ఎందుకు లేపారు? పని పెద్దదైతేనే ఎక్కువ పొయ్యిలు వెలుగుతాయని నేననుకుంటాను. ఆడంబరమని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

ఆ పాదిరి వచ్చిన ఇంగ్లండులోనే మనుషులు రావడం తగ్గి, ఆరాధన ఆగిన పాత చర్చీలను కాపాడటానికి 1969లో ఒక ట్రస్టే పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు దాని సంరక్షణలో 350కి పైగా ఉన్నాయి. వేల్సులో ఎన్నో చాపెళ్లు ఇళ్లుగా మారిపోయాయి. మెదక్‌కు ఆ గతి పట్టలేదు. క్రిస్మస్ నాడు తెల్లవారకముందే తొలి ఆరాధనకు జనం నిండిపోతారు. మొక్కులు చెల్లించేవాళ్లలో హిందువులూ ఉంటారు.

అందుకే వెళ్లేవాళ్లు ఆదివారం పొద్దున వెళ్లండి. లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన యేసు జననం, సిలువ, ఆరోహణం అద్దాల కిటికీలకు ఎండ తగలాలి, చీకటి పడితే లోపలివాళ్లకు ఆ బొమ్మలు కనిపించవు. ఫోను జేబులో పెట్టి, వెనక వరుసలో కూర్చుని పాట వినండి. మీ మతమేదని ఎవరూ అడగరు.

ఇంకో రోజు వీలుంటే డోర్నకల్ కూడా. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పయిన వి.ఎస్. అజరయ్య కట్టించిన కెథడ్రల్ అక్కడుంది. 1939లో ప్రతిష్ఠించారు. గుమ్మటాలు మసీదును తలపిస్తాయి, స్తంభాలు మన గుడివి. మెదక్ ఇంగ్లండు గుడిలా లేస్తే, డోర్నకల్ మన ఊరి గుడిలా కూర్చుంది. నాకు రెండోదే ఎక్కువ ఇష్టం.