ఆయుధం గడప దాటవచ్చునా?



జమ్మిచెట్టుకు మొక్కేటప్పుడు, పాండవులు విరాటనగరంలో అడుగుపెట్టే ముందు ఆయుధాలను దానిపై దాచిన సంగతి తలచుకుంటాం. అది అజ్ఞాతవాసం బయటపడకుండా చేసిన పని. కాళిదాసు శాకుంతలంలో దుష్యంతుడు చేసింది ఇంకా ఆలోచించదగినది. తానే రాజు, అడ్డగించేవారు లేరు. అయినా ఆశ్రమంలోకి వెళ్తూ విల్లునూ, ఆభరణాలనూ సారథికి అప్పగించాడు.

మనవారెందరో ఉంటున్న అమెరికాలోని టెక్సాస్‌లో తుపాకీ ధరించి తిరగడానికి చట్టం వీలిస్తోంది. కాని దుకాణదారు చట్టం చెప్పిన తీరున వద్దని బోర్డు పెడితే తుపాకీని బయటే ఉంచి రావాలి. "లోపల ఆపద వస్తే నాకెవరు దిక్కు?" అని కొందరంటారు. సబబైన ప్రశ్నే. ఆయుధం విడిచి రమ్మన్నవారు వచ్చినవారి క్షేమం కూడా చూడాలి. ఆ భరోసా చాలదనుకుంటే లోపలికి వెళ్లడం మానుకోవచ్చు. చొక్కా కింద దాచుకుని వెళ్లడం మాత్రం నమ్మినవారిని మోసగించడమే.

మనముంటున్న ఒమాన్ రాజచిహ్నంలోనూ ఖంజర్ ఉంది. ఇక్కడివారు పండుగలకు, పెళ్లిళ్లకు దాన్ని నడుముకు ధరిస్తారు. అందరికీ కనబడేలా, గౌరవసూచకంగానే.

ఆయుధపూజ నాడు పనిముట్లకు బొట్టు పెట్టి, ఆ రోజుకు వాటిని పక్కన ఉంచుతాం. ఆయుధం పట్టే హక్కు మనదైనా, గడప దగ్గర మాట ఇంటివారిదే.