గాలిలో వచ్చిన బడి

మన దేశానికి రెట్టింపు కన్నా పెద్దదైన ఆస్ట్రేలియాలో జనం మూడు కోట్లు కూడా లేరు. ఉన్నవాళ్లలోనూ ఎక్కువమంది సముద్రతీర నగరాల్లోనే. లోపలి ఎర్రనేలల్లో లక్షల ఎకరాల పశువుల ఫారాలు. పొరుగింటికి వెళ్లాలన్నా గంటల ప్రయాణం. గిన్నెడు చక్కెర చేబదులు అడిగే వీలుండదు!

అక్కడ ఒకప్పుడు రేడియోయే దిక్కు. కరెంటు లేని ఇళ్ల కోసం ఆల్ఫ్రెడ్ ట్రేగర్ అనే ఇంజనీరు 1920ల చివర్లో కాళ్లతో పెడల్ తొక్కితే పనిచేసే రేడియో తయారుచేశాడు. మీరిప్పుడు వింటున్న రేడియో వినడానికే. వాళ్లది తిరిగి మాట్లాడడానికి కూడా. 1928లో మొదలైన విమాన వైద్యసేవకు అదే ఊపిరి. తర్వాత నంబర్లు వేసిన మందుల పెట్టెలు ఇళ్లకు చేరాయి. తల్లి బిడ్డ జ్వరం సంగతి రేడియోలో చెబితే, డాక్టరు ఫలానా నంబరు మందు వేయమనేవాడు.

1951లో ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి ఆ రేడియో తరంగాల మీదే బడి మొదలైంది. దాని పరిధి సుమారు 13 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే మన రెండు తెలుగు రాష్ట్రాలకు నాలుగు రెట్ల పైనే. ఇప్పుడు రేడియో పోయి ఉపగ్రహ ఇంటర్నెట్ వచ్చింది, తెర మీద టీచరు కనిపిస్తుంది. అయినా పక్కన కూర్చొని చదివించేది అమ్మో, నాన్నో, ఇంట్లో పెట్టుకున్న ట్యూటరో. నన్నడిగితే, పశువుల పని మధ్యలో బిడ్డ చదువుకునే బల్ల దగ్గరికొచ్చే తల్లికే సగం మార్కులు వేస్తాను.

ఏడాదిలో కొన్ని వారాలు పిల్లలంతా ఆలిస్ స్ప్రింగ్స్‌లో కలుస్తారు. చాలామంది తమ తరగతి స్నేహితులను ఎదురుగా చూసేది అప్పుడే.