రాగిబిందె

మా యింట పడమటి కిటికీ క్రింద రెండడుగుల పొడవు గల గాజుతొట్టి యొకటి యున్నది. అఱువది లీటర్ల నీరు, అడుగున సన్నని నల్లయిసుక, చెక్కమోడునకు దారముతో చుట్టి కట్టగా రెండేండ్లలో దాని నంతటిని కప్పివేసిన జావా నాచు, ఆ నాచులో అంగుళమైనను నిండని యెఱ్ఱరొయ్యలు నలువది. ఇంతియే దాని సంపద. గోదావరి కాలువగట్టున పుట్టి పెరిగిన నాకు రొయ్య యనగా వంటింటి మాటయే కాని వేఱొకటి కాదు; మా ప్రాంతమున వరిపొలములు చెఱువులై, ఆ చెఱువులలో తొలుత టైగరు రొయ్యయు, తరువాత వెనామీయు పెరిగి, టన్నుల లెక్కన మంచుపెట్టెలలో నోడ లెక్కిపోవుట కన్నులార చూచినవాడను. అట్టి నేను తినుటకు గాక, అమ్ముటకు గాక, కేవలము చూచుటకై రొయ్యలను పెంచుచుండగా, మా మేనత్త యొకనాడు తొట్టి యెదుట పీట వేసికొని చాలసేపు కూర్చుండి, "తినడానిక్కాదు, అమ్మడానిక్కాదు. మరెందుకురా వీటిని బంధించావు?" అని యడిగినది. "ప్రేమకొద్దీ పెంచుతున్నానత్తా" అని నేను చెప్పిన యుత్తరమునకు ఆమె యేమియు ననక జపమాల తీసికొని లోనికి వెళ్లినది. ఆ మౌనము నన్ను విడువలేదు. బంధించి ప్రేమించుట యనునది యొకటి కలదా? కలదేని దానిని దయ యనవచ్చునా?

ప్రశ్న చిన్నదిగా కనబడును. కాని ఆ జీవులతో కొన్నాళ్లు గడపినవానికి అది చిన్నది కాదు. వీనిని చెర్రీ రొయ్య లందురు. తూర్పు చైనా, తైవాను, కొరియా దేశముల సెలయేళ్లు వీని పుట్టినిండ్లు. క్రొత్తగా నీరు నింపిన తొట్టిలో వీనిని విడుచుట వధయే. మలమునుండియు, క్రుళ్లిన యాకులనుండియు పుట్టు అమోనియాను నైట్రైటుగాను, నైట్రైటును నైట్రేటుగాను మార్చు సూక్ష్మజీవులు ఇసుకలోను వడపోత స్పంజిలోను స్థిరపడుటకు నాలుగు నుండి ఆఱు వారములు పట్టును. అంతవఱకు ఖాళీతొట్టిని చూచుచు ఓర్పుతో నుండలేనివాడు ఈ పనికి తగడు. అటుపిమ్మట రొయ్యలు వచ్చును. వచ్చినది మొదలు ముంగాళ్లతో నాచును, రాతిని, గాజును క్షణమైన విరామము లేక దువ్వి, కంటికి కనబడని జిగటపొరను నోటి కందించుకొనుచునే యుండును. వానిని చూచుచుండగా కాలము తెలియదు.

రొయ్యకు ఎముకలు లోపల లేవు. కవచము వెలుపల నున్నది. పెరుగవలెనన్న ఆ కవచమును విడువవలయును. నీటిలో సున్నపుపాలు చాలకున్న కవచము చీలవలసిన చోట చీలక, నడుము చుట్టును తెల్లని వలయ మేర్పడి, పాతదానిలోనుండి వెలికి రాలేక ప్రాణి మరణించును. చక్కగా విడిచిన రొయ్య మాత్రము మెత్తని యొడలితో నాచులో దాగి, బలము కూడిన పిదప తిరిగి వచ్చి, తాను విడిచిన కవచమును తానే తినును. జీర్ణవస్త్రమును విడిచి నూతనవస్త్రమును ధరించు దేహి దృష్టాంతము గీత చదివినవారి కందఱకు తెలిసినదే. కాని విడిచిన వస్త్రమును పాఱవేయక, దానిలోని సారమును తిరిగి తనలోనికే తెచ్చుకొను ఈ ప్రాణిని చూచిన పిమ్మట ఆ యుపమానము నాకు మఱియొక విధముగా వినబడుచున్నది. దేహము వ్యర్థమని చెప్పుటకు రొయ్య యొప్పుకొనదు.

ఆడురొయ్య కవచము విడిచిన పూట తొట్టియంతయు మారిపోవును. నీటిలో కలిసిన ఆమె గంధమును పసికట్టి మగరొయ్యలన్నియు పిచ్చిపట్టినట్లు ఈ మూలనుండి ఆ మూలకు ఈదుచుండును. వీపున జీనువలె పచ్చగా కనబడుచుండిన గ్రుడ్లు ఆనాడు కడుపు క్రిందికి దిగును. ఇరువదియో, ముప్పదియో యుండును. ఈతకాళ్లతో వానికి రాత్రింబవళ్లు నీరు విసరుచు, మూడు నాలుగు వారములు ఆ తల్లి వానిని మోయును. ఒకనాడు చూచునప్పటికి కడుపు ఖాళీ. నాచు కొసలందు రెండు మిల్లీమీటర్ల ప్రాణులు, మీసములతో, కాళ్లతో, అచ్చముగా తల్లివలె నుండును. నడుమ డింభకదశ లేదు. రొయ్యలన్నియు నిట్లుండవు: తాకాషి అమానో అను జపాను ఛాయాచిత్రకారుడు మొక్కల తొట్లలో పాచిని తినుటకై ప్రచారమునకు తెచ్చిన వేఱొక రొయ్య కలదు, దాని పిల్లలు ఉప్పు కలిసిన నీటిలో గాని బ్రదుకవు గనుక మంచినీటి తొట్టిలో దాని వంశము సాగదు. అది తన దేహమును మన కిచ్చినది కాని సంతానమును ఈయలేదు. చెర్రీ రొయ్య తన సంతానమునుకూడ మన చేతిలో పెట్టినది. అందుచేతనే దానియెడల మన బాధ్యత యెక్కువ.

ఇక నా యపరాధమును చెప్పవలయును. వారమున కొకమాఱు తొట్టిలోని అయిదవవంతు నీటిని మార్చుట నా వాడుక. ఒక మే నెలలో కుళాయి సరిగా రాక, పూజగదిలో రెండు రాత్రులుగా నిండియున్న బిందెడు నీరు చేతికందినది. చింతపండుతో తళతళలాడునట్లు తోమిన రాగిబిందె యది. రాగి మనకు పవిత్రము. ఉద్ధరిణె రాగిది, పంచపాత్ర రాగిది, తెల్లవాఱగనే త్రాగు నీరును రాగిచెంబులోనిదే. ఇంతకంటె శుద్ధమైన నీరు ఈ ప్రాణుల కేది యిత్తునని భక్తితోనే పోసితిని. మఱునాడు రొయ్యలు దువ్వుట మానినవి. మూడవనాటికి నలువదింట పదునొకండు ఇసుకపై పాలిపోయి పడియున్నవి. అందు రెండు గ్రుడ్లతో నున్నవి. రాగి బిందెనుండి నీటిలోనికి దిగుననియు, మన కేమియు చేయని యంతటి రాగియే రొయ్యకు మృత్యు వనియు అప్పుడు తెలిసికొంటిని. అంతకంటె ఆశ్చర్యమైనది మఱియొకటి తెలిసినది. మన రక్తములో ప్రాణవాయువును మోయునది యినుము. రొయ్య రక్తములో దానిని మోయునది రాగి. దానిచేతనే వాని రక్తము నీలిచాయ దాల్చును. ఏ ధాతువు లేనిదే అది శ్వాసింపజాలదో, ఆ ధాతువే కొలత మీఱిన దానిని చంపును.

నాకు తీర్థమైనది దానికి విషమయ్యెను. ఈ మాట వ్రాయుట సులభము; ఆ పదునొకటిని ఒక్కొక్కదానినే చిన్నవలతో తీసి తులసికోట మొదట పాతిపెట్టుచు అర్థము చేసికొనుట సులభము కాలేదు. నా ప్రేమ యబద్ధము కాదు. కాని ఆ ప్రేమ తన కొలతనే లోకపు కొలతగా నెంచినది. నాకు మేలైనది దానికిని మేలగునని తలచినది. పరుల హితము కోరుట యొకటి, పరుల హితమేదో నేర్చుకొనుట వేఱొకటి. మొదటిదానికి మంచిమనస్సు చాలును. రెండవదానికి, ఆ ప్రాణి యెట్లు శ్వాసించునో, దేనిచే చచ్చునో విచారించు శ్రమ కావలయును. ఆ శ్రమను నేను చేయలేదు.

ఇంత చిన్నప్రాణికి వేదన యుండునా యని యడుగువారు కలరు. 2021లో లండనులోని ఆర్థికశాస్త్ర విద్యాలయపు పండితులు పీతలు, రొయ్యలు మున్నగువాని విషయమున లభ్యమైన ప్రమాణములను పరిశీలించి, అవి వేదన నెఱుగునని గ్రహింపవలెనని నివేదించిరి. 2022లో బ్రిటను చేసిన చట్టమొకటి వానిని చేతనగల జీవులలో చేర్చినది. సంతోషమే. కాని అంతకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే జైనులు జీవరాశిని ఇంద్రియముల లెక్కచే తరగతులుగా విభజించి, ఒక్క స్పర్శ మాత్రమే కల జీవమును గూడ అహింసాపరిధిలో చేర్చియుండిరి. వారి మార్గమందు సందేహఫలము ప్రాణికే చెందును. నిరూపణ యగువఱకు బాధింపవచ్చుననుట కంటె, నిరూపణ కాకున్నను బాధింపరాదనుట యుచితమని నా నమ్మకము.

మత్స్యావతారకథను ఈ దృష్టితో మరల తలపోసితిని. శతపథబ్రాహ్మణములో మనువు చేతికి చిక్కిన చేప కథ కలదు. పోతనగారి భాగవతమున అష్టమస్కంధమందు సత్యవ్రతుడు కృతమాలానదిలో తర్పణము చేయుచుండగా దోసిలిలోనికి వచ్చిన చేపపిల్ల కథయు నదియే. రాజు దానిని నీట విడువబోగా, పెద్దచేపల నోట పడుదును, కాపాడుమని యది వేడుకొన్నది. కలశములో నుంచెను, చాలలేదు. గంగాళములో నుంచెను, చాలలేదు. మడుగు, సరస్సు, తుదకు సముద్రము. పెంపకమును గూర్చి మనకు గల కథలలో నింతకు మించినది నే నెఱుగను. అందు రెండు విశేషము లున్నవి. మొదటిది, చేప తానై శరణు వేడినది. నా రొయ్యలు వేడలేదు. రెండవది, శరణిచ్చినవాడు పాత్రకు తగినట్లు చేపను ఉండుమనలేదు. చేపకు తగినట్లు పాత్రను మార్చుచుపోయెను. మనము చేయుచున్నది దీనికి విపరీతము. తొట్టి మారదు; ప్రాణినే మార్చుచున్నాము.

రంగు విషయము చూడుడు. సెలయేటిలో ఈ రొయ్యకు ఎఱుపు లేదు. ఎండుటాకు, బురద, నాచు కలిసిన యొక గోధుమవన్నె, అదియు సగము పారదర్శకము. ఆ వన్నెయే దాని రక్షణ. ఎక్కడనో యించుక యెఱుపు పొడమగా, తరతరములుగా ఎఱుపునే యేఱి, ఎఱుపుతో ఎఱుపును కలిపి, మనుష్యుడు ఈ చెర్రీపండును సృజించినాడు. జపానులో హిసాయాసు సుజుకీ యను పెంపకందారు తన నలుపు తెలుపు చారల రొయ్యలలో పుట్టిన యెఱ్ఱవానినుండి, 1990 దశకములో క్రిస్టలు రెడ్డను వంశమును నిలిపెను. నేడు వానికి తెలుపు నిబ్బరమును బట్టి శ్రేణులును వెలలును గలవు. ఆ యోర్పును నేను గౌరవింతును. కాని ఏఱుట మానిననాడు, చెర్రీ రొయ్యలలో నీలివి, పసుపువి, ఎఱుపువి యొక్కచోట కలిసిననాడు, కొన్ని తరములలో పిల్లలు తిరిగి ఆ గోధుమవన్నెకే పోవును. ప్రకృతి తన సొమ్మును తాను అడుగుచునే యుండును. దానిని నిరాకరించుటకై పెంపకందారు వన్నె తక్కువ పిల్లలను వలతో తీసివేయవలయును. తీసినవానిని కొందఱు చేపలకు మేతగా వేయుదురు. పాపము ప్రవేశించు ద్వారము నాకు ఇచ్చటనే కనబడినది: ప్రాణి పుట్టుట దాని నిమిత్తము గాక నా కంటి నిమిత్తమగుచున్నది.

అట్లయిన విడిచిపెట్టరాదా? చైనాలోను తైవానులోను బౌద్ధులు పుణ్యార్థము ప్రాణులను నీటిలో విడుచు నాచార మున్నది. దాని వెనుకనున్న కరుణ గొప్పది. కాని పరదేశపు ప్రాణిని మన కాలువలో విడుచుట అందున్న ప్రాణుల కపకారము కావచ్చును. జర్మనీలో, విద్యుత్కేంద్రపు వేడినీరు కలియు వాగులో, ఈ రొయ్యయే స్థిరపడియున్నది. ఇక విడువబడినదానికైనను మేలు కలుగదు. ఎఱ్ఱరొయ్య పచ్చని నీటిలో తొలిచేప కంటనే పడును. దానికి తిరిగి పోవుటకు ఇల్లు లేదు. ఆ యిల్లు లేకుండ చేసినవారము మనము.

కాగా అత్త ప్రశ్నకు నాకు తోచిన సమాధాన మిది. నేను చేయుచున్నది దయ కాదు. తనంతట బ్రదుకగల ప్రాణికి ఆపదలో సాయపడుట దయ. ఆపదను నేనే కల్పించి, అందులో దానిని బ్రదికించుట దయ యెట్లగును? అది ఋణము. నీరు మార్చుట, సున్నము చూచుట, వేసవిలో తొట్టి వేడెక్కకుండ కాపాడుట, ఇవి యన్నియు వడ్డీ. దేవఋణము, పితృఋణము, ఋషిఋణము అని పెద్దలు లెక్కించిరి. ప్రాణులకు నిత్యమొక ముద్ద విడువవలెనని భూతయజ్ఞమును విధించిరి. గాజులో పుట్టి గాజులోనే గిట్టు ఈ తరముల ఋణము నేను చేజేతుల తెచ్చుకొన్నది, అది వాని పిల్లలతో పెరుగుచునే పోవును. దయ యనుకొన్నవాడు అలసినపుడు మానవచ్చును. ఋణస్థునికి ఆ స్వేచ్ఛ లేదు.

క్రొత్తరొయ్యలను కొనుట మానితిని. వన్నె చాలదని పిల్లలను పాఱవేయుటయు మానితిని. గోధుమవన్నె పిల్లలకై వరండాలో నీడపట్టున చిన్నదగు రెండవ తొట్టి నుంచితిని. ఎండుటాకుపై నవి కదలనిదే కనబడవు, వాని కొఱకు కన్నులు వెదకవలయును. రాగిబిందె పూజగదిలోనే యున్నది. మొన్న సాయంకాలము అత్త గుడినుండి వచ్చుచు, వీథి చివర చెట్టు క్రింద రాలిన బాదమాకు లేఱి కొంగున మూటగట్టి తెచ్చినది. ఆ యాకు నానినపుడు దిగు వగరునీరు రొయ్యలకు హితమనియు, దానిపై పట్టు పొర వానికి మేత యనియు నెప్పుడో నేను చెప్పియుంటిని. పంపు దగ్గఱ ఒక్కొక్క యాకును రెండువైపుల కడిగి నా చేతి కిచ్చుచు, "పురుగు పట్టినవి ఏరేశానురా. చిన్నతొట్లో వెయ్యి, వాటికి తక్కువైనట్టుంది" అన్నది.